ఉండటం వేరు, దొరకడం వేరు

(తిరుపతిలో గ్రంథాలయ, సమాచార శాస్త్ర విద్యార్థులను ఉద్దేశించి ఆగస్టు 12న ఒక విశ్రాంత గ్రంథపాలకుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. విద్యార్థులకు ఆశీస్సులు.

ఈ గదిలోకి వస్తుంటే కిటికీలోంచి కొండ కనబడింది. తిరుపతిలో ఏ కిటికీ తెరిచినా కొండే కనబడుతుంది కాబట్టి మీకు ఇందులో విశేషం తోచకపోవచ్చు. నాకు మాత్రం ఆ కొండను చూసినప్పుడల్లా మన వృత్తికి సంబంధించిన ఒక కథ గుర్తుకొస్తుంది. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారి పుట్టినరోజు పండుగలో ఆయనతో మొదలుపెట్టకుండా కొండతో మొదలుపెడుతున్నాను, మన్నించండి. ఆయన దగ్గరికే వెళ్తాను.

1816లో ఏ.డి. క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు వ్యాకరణం ఒకటి ప్రచురించాడు. ఆ పుస్తకం ఆరంభంలో ఒక చిన్న ప్రస్తావన ఉంది. తిరుమల కొండ మీద గుడిలో వేల రాగి రేకుల మీద చెక్కిన పద్యాలను ఒక బ్రాహ్మణ కుటుంబం భద్రంగా కాపాడుతోందని విని, వాటిని చూసి రమ్మని ఒక మనిషిని పంపాడట. ఆ మనిషి వెళ్లి చూశాడు. ఒక లక్షణ గ్రంథం, అంటే వ్యాకరణం, దొరికితే దానికి నకలు తెచ్చాడు. మిగిలినదంతా దేవుడి మీద రాసిన స్తోత్రాలే, ఇంకేమీ లేదని చెప్పాడు. దొర ఆ మాటే రాసుకుని తన వ్యాకరణంలో పడిపోయాడు.

ఆ 'ఇంకేమీ లేనివి' తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు.

ఆ తర్వాత ఇంకో నూరేళ్లు ఆ రేకులు అక్కడే ఉన్నాయి. ఎవరూ దొంగిలించలేదు. చెదలు తినలేదు, రాగికి చెదలు పట్టదు కదా. రోజూ వేలమంది ఆ గోడ పక్కనుంచే నడిచి స్వామిని చూసి వెళ్లారు. 1920లలో దేవస్థానం వారు ఆ సంకీర్తన భండారం వైపు మళ్లీ చూశారు. శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఆ రేకుల విలువ గుర్తించారు. ఆ తర్వాత పండితులు వాటిని చదివి, పరిష్కరించి, అచ్చు వేయించారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తమ చివరి సంవత్సరాలను ఈ ఊళ్లోనే ఆ పనికి ఇచ్చారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కొన్ని పాటలకు స్వరం కట్టారు. అన్నమయ్య 32 వేల కీర్తనలు రాశాడని ఆయన మనవడు చెప్పుకున్నాడు. మనకు దక్కినవి 12 వేలకు పైగా. ఈ రోజు పెళ్లి పందిట్లోనూ, పసిపిల్లల ఊయల దగ్గరా వినబడుతున్న ఆ పాటలు ఒకప్పుడు ఉన్నాయి, కాని ఎవరికీ దొరకలేదు.

ఉండటం వేరు, దొరకడం వేరు. ఈ రెండు మాటల మధ్య దూరమే మన వృత్తి. నలభై ఏళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఇప్పుడు చెప్పబోయేదంతా దాని చుట్టూ తిరిగేదే.

ఆ రేకుల గురించి ఇంకొంచెం ఆగి ఆలోచించండి. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యులు, ఆ తర్వాతి తరం వారు ఏమి చేశారు? తాటాకు నిలవదని తెలిసి రాగిని ఎంచుకున్నారు. పాటలను అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విడదీశారు. ప్రతి పాట మీద రాగం పేరు చెక్కించారు. రేకులకు అంకెలు వేశారు. వాటికంటూ గుళ్లో ఒక చోటు ఏర్పాటు చేశారు. చెడని పదార్థం, వర్గీకరణ, శీర్షిక, వరుస సంఖ్య, భద్రమైన గది: మీ మొదటి సెమిస్టరు పాఠాలన్నీ అందులో ఉన్నాయి. ఐదు వందల ఏళ్ల కిందట ఈ కొండ మీద గ్రంథపాలకులు ఉన్నారు, ఆ పేరుతో ఎవరూ పిలవకపోయినా. అయితే తరాలు గడిచాక లోపించింది ఒక్కటే. 'ఇందులో ఏముంది, ఎవరికి పనికొస్తుంది' అని బయటి మనిషికి చెప్పగలిగిన మనిషి లేకుండా పోయాడు. క్యాంప్‌బెల్ పంపిన వ్యక్తిని నేను నిందించను. అతన్ని వ్యాకరణం చూసి రమ్మన్నారు, అతను వ్యాకరణమే చూశాడు. ఆ గది తలుపు దగ్గర ఒక మంచి గ్రంథపాలకుడు నిలబడి ఉంటే, 'అయ్యా, మీరు తెలుగు భాష నడక తెలుసుకోవాలని వచ్చారు కదా, ఈ పాటల్లో ఉన్నంత వాడుక తెలుగు మీకు ఏ ప్రబంధంలోనూ దొరకదు, కూర్చుని ఒక్క రేకు చదవండి' అని చెప్పి ఉండేవాడు. అడిగిన ప్రశ్న వెనుక ఉన్న అసలు అవసరాన్ని పట్టుకోవడాన్నే మనం రెఫరెన్స్ సేవ అంటాము.

ఇప్పుడు రంగనాథన్ గారి దగ్గరికి వస్తాను. 1892లో తంజావూరు జిల్లా శియాళిలో పుట్టారు. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడిగా చేరారు. చేరిన కొత్తలో ఆ నిశ్శబ్దం, ఆ ఖాళీ భరించలేక తిరిగి పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోతానన్నారు. తర్వాత లండన్ వెళ్లి అక్కడి గ్రంథాలయాలు తిరిగి చూశాక ఆయన మనసు మారింది. అక్కడ గ్రంథాలయం అంటే అందరి సొత్తు. ఊరి పిల్లాడు, పనివాడు, ముసలావిడ అందరూ వస్తారు. తిరిగి వచ్చాక 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. పుస్తకాలు వాడుకోవడానికే, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు, పాఠకుడి సమయం ఆదా చేయి, గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి. ఇవి మీకు నోటికి వచ్చు, పరీక్షల్లో రాస్తారు. నేను వాటి అర్థం వివరించను. ఒక్క మొదటి సూత్రం గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో దాన్ని నిలబెట్టడమే అన్నిటికన్నా కష్టం.

పుస్తకం పరుల చేతికి వెళితే ఇక వెళ్లిపోయినట్టే అని మన పెద్దలు శ్లోకం చెప్పారు. తాటాకు గ్రంథాల చివర లేఖకులు ఇంకో శ్లోకం రాసేవారు. వీపు, నడుము, మెడ విరిగిపోతుండగా, చూపు నిలిపి, తల వంచుకుని ఎంతో కష్టపడి రాసిన గ్రంథం ఇది, జాగ్రత్తగా కాపాడండి అని. ఈ ఊళ్లోని ప్రాచ్య పరిశోధన సంస్థలో తాటాకు గ్రంథాలు చూసినవారికి ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. గంటంతో ఒక్కొక్క అక్షరం గీరి, మసి రాసి, ఆకు ఆకు కట్టిన శ్రమ అది. అంత శ్రమ పడ్డ జాతికి పుస్తకాన్ని దాచుకోవాలనిపించడం సహజం. బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకునే గ్రంథపాలకుడు ఆ పాత భయానికి వారసుడు. అతన్ని చిన్నచూపు చూడకండి. పుస్తకం పోతే జీతంలోంచి కోత పడుతుందన్న భయం కూడా అతనికి తోడుంటుంది. కాని ఆ తాళం తీయకపోతే మన వృత్తికి అర్థం లేదు. పుస్తకం పరహస్తం చేరడం కోసమే ప్రభుత్వం మనకు జీతం ఇస్తోంది.

ఆ జీతం ఎక్కడినుంచి వస్తుందో కూడా ఒక్క నిమిషం చెప్పనివ్వండి. మీ ఇంటి పన్ను రసీదు ఈ రాత్రి తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. రూపాయికి 8 పైసలు. గుడిసెకు పన్ను కట్టే కూలీ కూడా ఆ పైసలు కడుతున్నాడు. చిత్తూరు జిల్లా అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి, రంగనాథన్ గారి కృషితో 1948లో వచ్చిన మద్రాసు గ్రంథాలయాల చట్టం మనకు మొదటినుంచీ వర్తించింది. దేశంలోనే ముందు వరుసలో ఉన్నాం మనం. తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. చట్టం కన్నా ముందే మనుషులు ఉన్నారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు ఉన్నారు. 1908లో రాజద్రోహం కేసులో జైలుకెళ్లి వచ్చి, వయోజన విద్యకూ గ్రంథాలయాలకూ బతుకు ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఉన్నారు, మన రాయలసీమ వారే. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, ఊరూరా రేవుల్లో ఆపి ఇచ్చారు. మన చిత్తూరు వైపు అలా పడవలు తిరిగే కాలువలు లేవు. కాని పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలన్న ఆ ఆలోచనకు నీళ్లు అక్కర్లేదు.

నా అనుభవంలోకి వస్తాను. పడమటి మండలాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసేటప్పుడు పట్టు పురుగులు పెంచే రైతు ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చేవాడు. పేపరు చూసి వెళ్లిపోయేవాడు. ఆయన చదివేది నిమిషం సేపు. ఒక నెల గమనించాక అడిగాను, 'అన్నా, రోజూ ఏమి చూస్తున్నావు?' అని. పట్టుగూళ్ల ధర కోసం అన్నాడు. ఆ పేపర్లో ఆ ధర వారానికి ఒకసారి కూడా సరిగ్గా రాదు. ఆయన దానికోసం రోజూ నాలుగు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. మార్కెట్టుకు ఫోను చేసి ఆ రోజు ధర కనుక్కుని నోటీసు బోర్డు మీద సుద్దముక్కతో రాయడం మొదలుపెట్టాను. వారం తిరిగేసరికి ఆ బోర్డు ముందు పాతికమంది రైతులు నిలబడేవారు. వారిలో కొందరు లోపలికి వచ్చి కూర్చున్నారు. వారిలో ఇద్దరు మల్బరీ తెగుళ్ల మీద పుస్తకం ఉందా అని అడిగారు. ఉంది. పదకొండేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకం. దాని వెనుక అతికించిన గడువు కాగితం ఖాళీగా ఉంది. ఆ మధ్యాహ్నం దాని మీద మొదటి ముద్ర కొట్టినప్పుడు నా చేతికి కలిగిన తృప్తి మళ్లీ ఏ పదోన్నతిలోనూ కలగలేదు.

ఇప్పుడు ధరలు ఫోనులో చూసుకుంటున్నారు, ఇక గ్రంథపాలకుడు ఎందుకు అని అడుగుతారు. ఇది నిజాయితీగా అడగవలసిన ప్రశ్నే. సమాధానం నేను తిరుపతిలో, చిత్తూరులో ఏ పఠన మందిరంలో కూర్చున్నా దొరుకుతోంది. పొద్దున్న తలుపు తెరవకముందే బయట పిల్లలు నిలబడి ఉంటారు. కానిస్టేబులు, డీఎస్సీ, గ్రూప్-2, బ్యాంకు పరీక్షలు. ఇంట్లో ఒకే గది, అందులోనే టీవీ, అందులోనే వంట. చదువుకోవడానికి ఫ్యాను కింద ఒక కుర్చీ వారికి గ్రంథాలయంలోనే దొరుకుతుంది. ఆ కుర్చీ ఇవ్వడం కూడా సమాచార సేవే. అయితే అంతటితో ఆగకూడదు. పరీక్ష వాయిదా పడిందని ఒక రోజు వాట్సాప్‌లో ఒక కాగితం తిరిగింది. ముద్ర ఉంది, సంతకం ఉంది. సగం మంది పిల్లలు పుస్తకాలు మూసి ఊళ్లకు బయలుదేరారు. అక్కడి గ్రంథపాలకురాలు, నా శిష్యురాలే, ఆ కాగితం మీది సంఖ్యను పట్టుకుని అధికారిక వెబ్‌సైట్‌లో వెతికింది. ఆ సంఖ్యతో ఉన్న అసలు ఉత్తర్వు వేరే ఏడాదిది, వేరే పరీక్షది. రెండూ పక్కపక్కన ముద్రించి తలుపుకు అంటించింది. ఒక్కొక్కరికీ ఫోను చేసి వెనక్కి పిలిపించింది. ఆ అమ్మాయి ఆ రోజు ఒక్క పుస్తకం కూడా ఇష్యూ చేయలేదు. కాని ఎంతమంది ఏడాది కష్టాన్ని కాపాడిందో ఆలోచించండి.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. బ్యాంకు ఖాతా ఆగిపోతుందని వచ్చిన మెసేజి చూపించి, 'నాయనా, ఇది నొక్కమంటున్నారు, నొక్కనా' అని అడిగే అవ్వలు గ్రంథాలయానికి వస్తున్నారు. నొక్కవద్దని చెప్పడం, ఇప్పటికే నొక్కి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించడం మన పనే. డాక్టరు రాసిచ్చిన జబ్బు పేరు చీటీ మీద తెచ్చి, ఇది ఏమిటో చూసి చెప్పమని అడుగుతారు. మనం వైద్యం చెప్పకూడదు. నమ్మదగిన సమాచారం ఎక్కడ ఉందో చూపించి, డాక్టరును ఏమేమి అడగాలో రాసుకోవడానికి సాయపడవచ్చు. ఆ గీత ఎక్కడ గీయాలో తెలిసినవారే మన వృత్తిలో నిలబడతారు.

ఇంకొక గీత ఉంది. ఒకసారి ఊరి పెద్ద ఒకాయన నా బల్ల దగ్గరికి వచ్చి, మా అమ్మాయి ఏయే పుస్తకాలు తీసుకెళ్తోందో రిజిస్టరు చూపించండి అన్నాడు. ఆయన కూతురు ఆయన కూతురే, నాకు మాత్రం సభ్యురాలు. ఎవరు ఏమి చదువుతున్నారో ఇంకొకరికి చెప్పను అన్నాను. ఆయన కోపంగా వెళ్లిపోయాడు, పై అధికారులకు ఉత్తరం కూడా రాశాడు. ఆ అమ్మాయి చదువుతున్నది లెక్కల పుస్తకాలు. కాని అది ముఖ్యం కాదు. అవి ఏ పుస్తకాలైనా నా జవాబు అదే. పాఠకుడు మన ముందు ఒక ప్రశ్న పెట్టినప్పుడు తన బలహీనతను కూడా పెడుతున్నాడు. అది మన దగ్గరే ఉండిపోవాలి.

ఇప్పుడు మన వృత్తి గ్రంథాలయం గోడ దాటి ఎక్కడ ఉండాలో చెప్తాను. 2005 సమాచార హక్కు చట్టం అందరికీ తెలుసు. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దాని నాలుగో సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ తన రికార్డులన్నిటికీ కేటలాగు, సూచిక తయారుచేసి, హక్కును వాడుకోవడానికి వీలైన తీరులో నిర్వహించాలి. చదివారా? కేటలాగు, సూచిక. ఇవి మన మాటలు. పార్లమెంటు చట్టంలోకి మన వృత్తి నడిచి వెళ్లింది. కాని ఆ కార్యాలయాల రికార్డు గదుల్లోకి వెళ్లి చూడండి. ఎర్ర గుడ్డల్లో మూటలు, వాటి మీద దుమ్ము, ఏ మూటలో ఏ గ్రామం అడంగల్ ఉందో పదవీ విరమణ చేసిన గుమాస్తాకు మాత్రమే తెలుసు. పొలం హద్దు తగాదాలో పాత రికార్డు కోసం వచ్చిన రైతుకు 'రికార్డు లభ్యం కాలేదు' అన్న జవాబు వస్తుంది. చాలాసార్లు అది అబద్ధం కాదు. రికార్డు ఉంది, దొరకలేదు. కొండ మీది రాగి రేకుల కథే, ఈసారి ఒక కుటుంబం ఎకరం నేల పోతుంది. ప్రతి జిల్లా కార్యాలయంలో ఒక శిక్షణ పొందిన గ్రంథాలయ శాస్త్ర పట్టభద్రుడు ఉండాలని నేను ఇరవై ఏళ్లుగా అడుగుతున్నాను. మీరు కూడా అడగండి. ఇది ఉద్యోగాల కోసం చేసే విన్నపమని ఎవరైనా అంటే, చట్టంలోని ఆ వాక్యం చదివి వినిపించండి.

డిజిటల్ అయితే అన్నీ దొరుకుతాయని ఒక నమ్మకం ఉంది. శ్రీకాళహస్తి ప్రాంతంలోని కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. మన పల్లెలో పుట్టిన ఆయనే పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి ప్రపంచానికి ఉచితంగా ఇవ్వాలన్న ప్రయత్నాన్ని ముందుండి నడిపారు. ఆ పనిలో భాగంగా మన దేశంలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఆ మేలు మాటల్లో చెప్పలేనిది. ఎన్నో అరుదైన పుస్తకాలు అలా బతికి బట్టకట్టాయి. కాని పేజీలను యంత్రం తీసింది, పుస్తకం పేరును మనిషి టైపు చేశాడు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు రాశారు. దీర్ఘం ఎక్కడో, ఒత్తు ఎక్కడో. ఆ పుస్తకాలను మళ్లీ వెతికి, సరైన పేర్లతో పట్టికలు తయారుచేసినవారు తెలుగు అభిమానులు, ఏ జీతమూ లేకుండా రాత్రిళ్లు కూర్చుని. ఆ పని మొదటే చేయవలసింది మనం.

మీకు ఒక చిన్న అభ్యాసం ఇస్తాను. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయిన మహానుభావుడి పేరు చెప్పండి. కట్టమంచి రామలింగారెడ్డి అంటారు కొందరు. సి.ఆర్. రెడ్డి అంటారు ఇంకొందరు. కట్టమంచికి 'కె' రావాలి కదా, 'సి' ఎలా వచ్చిందంటే ఆయన ఇంగ్లీషులో ఇంటిపేరు 'సి'తో మొదలుపెట్టి రాసుకున్నారు. ఇప్పుడు కేటలాగులో ఆయన్ని ఎక్కడ పెడతారు? కట్టమంచి దగ్గరా, రామలింగారెడ్డి దగ్గరా, రెడ్డి దగ్గరా, ఇంగ్లీషులో సి దగ్గరా, కె దగ్గరా? ఒక్క మనిషి ఐదు చోట్ల చెల్లాచెదురవుతాడు. 1914లో ఆయన రాసిన 'కవిత్వ తత్త్వ విచారము' ఒక చోట, ఇంగ్లీషు ప్రసంగాలు ఇంకో చోట. ఆ ఐదు చోట్ల నుంచీ ఒకే చోటికి దారి చూపించే 'చూడు' కార్డు రాయడం ఎంత చిన్న పని! కంప్యూటర్ వచ్చాక కూడా ఆ పనిని ఎవరో ఒక మనిషి తెలిసి చేయవలసిందే. తెలుగు ఇంటిపేర్ల సంగతి తెలుగు గ్రంథపాలకుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గ్రంథం అని కొందరు, గ్రంధం అని కొందరు రాసే భాష మనది. ఒక్క అక్షరం తేడాతో పుస్తకం మాయమైపోకుండా చూడవలసినది మనం.

ఇటీవల ఒక పరిశోధక విద్యార్థి ఉపయుక్త గ్రంథాల పట్టిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో రెండు పుస్తకాలు ఎక్కడా దొరకడం లేదు, మీకు తెలుసా అని అడిగాడు. నాకు తెలిసిన రచయితే, అలాంటి పుస్తకం మాత్రం రాయలేదు. నేను మూడు రోజులు వెతికాను. ఆ పట్టికను కృత్రిమ మేధ యంత్రం చేత రాయించుకున్నానని చివరికి అబ్బాయి ఒప్పుకున్నాడు. అతను మోసగాడు కాదు. అడిగితే చెప్పింది కదా, నిజమేననుకున్నాడు. ఇదివరకు పుస్తకం ఉండి దొరకకపోవడం మన సమస్య. ఇప్పుడు లేని పుస్తకం దొరికినట్టు కనబడటం కూడా వచ్చింది. 'ఇది లేదు' అని ధైర్యంగా చెప్పగలగాలంటే ఎక్కడెక్కడ వెతకాలో పూర్తిగా తెలిసి ఉండాలి. ఆ యంత్రాలకు తెలుగు తక్కువగా తెలియడానికి కారణం కూడా ఆలోచించండి. మన పత్రికలు, మన ఊళ్ల చరిత్రలు, మన రికార్డులు వాటికి అందే రూపంలో లేవు. మనుషులకే అందే రూపంలో లేవు.

చివరగా, నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, స్టాకు పరిశీలన జరుగుతోంది. వెనుక గదిలో ఒక స్థానిక వారపత్రిక సంపుటాలు, 1930ల, 40ల నాటివి, ఒక బీరువా నిండా ఉన్నాయి. అంచులు చెదలు తిన్నాయి. పదేళ్లలో ఎవరూ అడగలేదు. కొత్త పుస్తకాలకు చోటు కావాలి. నియమాల ప్రకారం జాబితా రాశాను, అనుమతి వచ్చింది, పాత కాగితాల వాడికి తూకం వేసి ఇచ్చేశాము. అంతా సక్రమంగానే జరిగింది. ఆ సంపుటాల్లో ఏముందో ఒక్క పేజీ అయినా నేను తెరిచి చూడలేదు.

నాలుగేళ్ల తర్వాత ఒక పెద్దమనిషి వచ్చాడు. 1940-41 నాటి వ్యక్తి సత్యాగ్రహంలో తన తండ్రి జైలుకెళ్లాడు. తండ్రి పోయాడు, తల్లి బతికి ఉంది. స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు దరఖాస్తు చేయాలంటే జైలు ధ్రువపత్రం కావాలి. వేలూరు జైలా, అలీపురం జైలా, ఏ నెలలో వేశారో ఎవరికీ గుర్తులేదు. అరెస్టయినప్పుడు ఆ వారపత్రికలో పేరు పడిందని తల్లి చెప్పింది. ఆ తేదీ దొరికితే జైలు వారికి రాయవచ్చు. ఆయన ఆ బీరువా ముందు నిలబడి, 'ఇక్కడే ఉండేవని చెప్పారు' అన్నాడు. నేను ఏమి చెప్పానో నాకు గుర్తు లేదు. ఆయన నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోవడం గుర్తుంది.

ఆ రోజు నుంచి ఆ పత్రిక ప్రతులు ఎక్కడ ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాను. ఒకరి అటక మీద ఒక సంపుటం, ఒక పాత బడి స్టోరు గదిలో రెండు, ఒక ప్లీడరు గారి ఇంట్లో కొన్ని విడి ప్రతులు. దొరికిన ప్రతి సంచికా చదివి, అందులో కనబడిన ప్రతి ఊరికీ, ప్రతి మనిషికీ ఒక కార్డు రాశాను. పేరు, ఇంటిపేరు, ఊరు, విషయం, తేదీ, పేజీ. ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఆదివారాలు, ఆ తర్వాత రోజూ. ఆ సూచిక వల్ల ఇప్పటికి కొందరికి తాతల జాడ తెలిసింది. ఒక ఊరి చెరువు ఎప్పుడు తెగిందో తెలిసింది.

ఆ కార్డుల పెట్టెలు నాలుగు ఈ రోజు వెంట తెచ్చాను. బయట వరండాలో బల్ల మీద ఉన్నాయి. మీ విభాగానికి ఇచ్చి వెళ్తున్నాను. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు నా చేతిరాత అర్థం కాకపోతే ఫోను చేయండి, ఎంత రాత్రయినా ఫరవాలేదు. నాలుగో పెట్టెలో 1940 తర్వాత 1941 అని రాసిన పచ్చ కార్డు ఒకటి కనబడుతుంది. దాని వెనుక కార్డులు లేవు. ఆ సంవత్సరపు సంపుటం నాకు ఇంకా దొరకలేదు. మీ ఊళ్లల్లో అటకలు, పాత పెట్టెలు తెరిచినప్పుడు చూడండి. ఆ పచ్చ కార్డును మాత్రం పెట్టెలోంచి తీయకండి.